ప్రైమర్ల కరువూ, నా పైథాన్ స్క్రిప్టూ

"ఏం చేద్దాం పెదనాన్నా, ఇక్కడ మందు దొరకట్లా" అన్నాను 2021 ఏప్రిల్‌లో ఓ రోజు ఫోన్లో. అటునుంచి కాసేపు నిశ్శబ్దం. తర్వాత చాలా జాలిగా, "అమెరికాలో కూడా కొట్లు మూసేశారంట్రా అబ్బాయ్?" అన్నాడు.

ఆ మందు కాదు లెండి. తూటాలో పోసే మందు. అసలు దొరకనిది మందు కూడా కాదు, దాన్ని అంటించే ప్రైమరు. ఈ టపా దాని గురించే. తుపాకులంటే పడనివాళ్ళు కూడా కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే చివరికి ఇది తుపాకుల గురించి కాదు, మన కోడు గురించి.

ముందు నా సంగతి. మాది అడవులదీవి, నిజాంపట్నం మండలం. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. వరి చేలు, రొయ్యల చెరువులు, ఇంకా కిందకి పోతే మడ అడవులు. మా పెదనాన్నకి లైసెన్సున్న పన్నెండు బోరు తుపాకి ఒకటుంది. నా ఎరికలో ఆయన దాన్ని పేల్చింది తక్కువ, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి మళ్ళీ తెచ్చుకున్నది ఎక్కువ. ఉన్న పది తూటాల్ని మా పెద్దమ్మ ఆవకాయ జాడీ కంటే భద్రంగా దాచేవాడు. "ఒక్కటి కాలిస్తే ఇంకోటి తేవడానికి ఎన్ని కాయితాలు కావాలో తెల్సా" అనేవాడు. తూటా అంటే లెక్కపెట్టుకునే వస్తువని నాకు అక్కడే తెలిసింది.

2004లో హెచ్-1బి మీద టెక్సాస్ వచ్చాను. గ్రీన్ కార్డు వచ్చాక, అంటే 2016లో, ఒక రైఫిలు కొన్నాను. ఇక్కడ అడవి పందులు పొలాల్ని దున్నేస్తుంటాయి. తెలిసిన రైతు పొలంలో నెలకోసారి వేటకి, వారానికోసారి రేంజిలో అట్ట మీద కాల్చడానికి. అలా మొదలై, తూటాలు ఇంట్లోనే తిరిగి నింపుకోవడం దాకా వచ్చింది. దీన్నే రీలోడింగ్ అంటారు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. తూటాకి నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, అడుగున ప్రైమరు, లోపల మందు, పైన గుండు. కాల్చాక కేసు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, సైజుకి తెచ్చి, కొత్త ప్రైమరు పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగిస్తే మళ్ళీ తూటా. ఒక ఇత్తడి కేసు జాగ్రత్తగా వాడితే చాలాసార్లు వస్తుంది. గుండు కావాలంటే కొందరు సీసం కరిగించి పోతపోసుకుంటారు. కానీ ప్రైమరు మాత్రం ఇంట్లో చేసుకునేది కాదు. కందిబద్దంత లోహపు గిన్నె, అందులో లెడ్ స్టిఫ్నేట్ లాంటి, దెబ్బ తగిలితే పేలే మిశ్రమం. తడి మిశ్రమాన్ని గిన్నెల్లో నింపి ఆరబెట్టే పని, చేతులు కాలకుండా చేయగలిగేది కొన్ని ఫ్యాక్టరీలే. అంటే మొత్తం వ్యవస్థకి ఒకే ఒక్క డిపెండెన్సీ, దానికి ప్రత్యామ్నాయం లేదు. అలాంటి డిజైన్ని మనం రివ్యూలో పెడితే ఎవరైనా ఒప్పుకుంటారా?

2020లో ఆ డిపెండెన్సీ విరిగింది. మార్చిలో కరోనా, వేసవిలో అల్లర్లు, నవంబర్లో ఎన్నికలు. తుపాకి కొనేముందు జరిగే ఫెడరల్ తనిఖీలు 2019లో దాదాపు 2.84 కోట్లు, 2020లో దాదాపు 3.97 కోట్లు. (తనిఖీకి ఒక తుపాకి అమ్ముడైనట్టు కాదు, కానీ పోకడ తెలుస్తుంది.) ఆ ఏడాది 84 లక్షలమంది మొదటిసారి తుపాకి కొన్నారని అక్కడి పరిశ్రమ సంఘం అంచనా. వాళ్ళందరికీ తూటాలు కావాలి. కంపెనీలు తమ దగ్గరున్న ప్రైమర్లని ముందు తమ తూటాల్లోనే పెట్టుకుంటాయి కదా, విడిగా మాలాంటి వాళ్ళకి అమ్మేది మిగిలితేనే. పైగా అదే 2020 జులైలో రెమింగ్టన్ దివాలాకి వెళ్ళింది. ఆర్కన్సాలోని దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా అనే కంపెనీ కొని మళ్ళీ నడిపేదాకా ఆ వైపు సరుకు అంతంతమాత్రం. 2021లో రష్యా నుంచి తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆపేశారు.

ఇక్కడ ఇంకో తమాషా. షాపులో చూస్తే నాలుగు పెద్ద అమెరికన్ బ్రాండ్లు కనపడతాయి: సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్, వించెస్టర్. కానీ రెమింగ్టన్ తూటాల వ్యాపారం కొన్నాక మొదటి మూడూ ఒకే యజమాని చేతిలోకి వచ్చాయి. 2024 నవంబర్లో ఆ మూడూ కలిపి ఒక చెక్ కంపెనీకి అమ్ముడుపోయాయి. అరలో నాలుగు రంగుల డబ్బాలు, వెనక యజమానులు ఇద్దరే.

మందు కథ వేరు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుళ్ళకి మందు కావాల్సొచ్చి, వేటగాళ్ళ డబ్బాలు వెనక్కిపోయాయి. పొగలేని మందుకి మూలం నైట్రోసెల్యులోజు, దానికి మూలం పత్తిగింజకి అంటుకునే పొట్టి నూగు. యూరప్‌లో తయారీదారులు ఆ నూగు కోసం చాలావరకు చైనా మీద ఆధారపడ్డారని యుద్ధం వచ్చాకే జనానికి తెలిసింది. గుంటూరు పత్తి యార్డు చూసినవాడిని, ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎక్కడి పత్తి గింజ, ఎక్కడి ఫిరంగి!

సరే, అసలు విషయానికొస్తా.

2019లో వెయ్యి ప్రైమర్లు 30-35 డాలర్లకి కొన్నాను. 2021 మొదట్లో అవే వంద దాటి, చేతులు మారే చోట రెండొందలు కూడా చెప్పారు. అసలు ధరకి అమ్మే సైట్లలో సరుకు ఎప్పుడో అర్ధరాత్రి వచ్చి, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేది. నేనేం చేశాను? మీరేం చేస్తారో అదే చేశాను. పైథాన్‌లో అరవై లైన్ల స్క్రిప్టు రాశాను. అది ఇరవై సెకన్లకోసారి ఐదు సైట్లు చూస్తుంది. సరుకు కనపడగానే బుట్టలో వేసి, నా ఫోనుకి మెసేజి కొడుతుంది. నేను బొటనవేలు ఆనిస్తే చాలు. ఆరు వారాల్లో ఎనిమిది వేల ప్రైమర్లు చేరాయి. నేను ఏడాదికి కాల్చేది మహా అయితే పన్నెండొందలు.

ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆఫీసులో మనవాళ్ళకి చూపించాను కూడా. "రేట్ లిమిట్ ఎలా దాటావన్నా" అని ఒకడు, "గిట్‌లో పెట్టన్నా" అని ఇంకొకడు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, రిటైరైన మెకానిక్కు. నాకు రీలోడింగ్ నేర్పింది ఆయనే. తక్కెడ ఎలా సరిచూసుకోవాలో, బల్ల మీద ఒకేసారి రెండు మందు డబ్బాలు ఎందుకు పెట్టకూడదో, అన్నీ. ఆయన పద్ధతేంటంటే ప్రతి శనివారం పొద్దున్నే ముప్ఫై మైళ్ళు బండి నడుపుకుంటూ ఒక దుకాణానికి వెళ్ళి, తెరవకముందే వాకిట్లో నిలబడ్డం. నలభై ఏళ్ళుగా అంతే. ఆ ఏడాది ఆయన పదకొండు శనివారాలు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. మేలో ఓ రోజు వాళ్ళ గరాజులోకి వెళ్తే, బల్ల మీద చిన్న పిస్తోలు ప్రైమర్ల పెట్టె కనపడింది. "రైఫిలువి లేవు, వీటితో సర్దుకుందామనుకుంటున్నా" అన్నాడు.

గుండె జారింది నాకు. రెండూ ఒకే సైజు కాబట్టి గుంటలో సరిపోతాయి. కానీ పిస్తోలు ప్రైమరు గిన్నె పల్చగా ఉంటుంది. రైఫిలు ఒత్తిడికి అది చిల్లిపడి, వేడి గ్యాసు వెనక్కి, అంటే మొహం వైపు తన్నొచ్చు. ఈ సంగతి నాకు చెప్పిందే ఆయన! కరువు అలాంటిది మరి. తెలిసినవాడి చేత కూడా 'ఈ ఒక్కసారికి' అనిపిస్తుంది. ఆ రోజుల్లో మందుల విషయంలోనూ ఇదే. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒక మందు కొలత ఇంకో మందుకి వాడినవాళ్ళని చూశాను. హెచ్4895, ఐఎమ్ఆర్4895 అని రెండున్నాయి. అంకె ఒకటే, మందు వేరు, కొలతలు వేరు. మాన్యువల్లో ఆ మందు పేరు మీదున్న కొలతే వాడాలి, అదీ కింది నుంచి మొదలుపెట్టాలి. ఏ ఒక్క భాగం మారినా మళ్ళీ మొదటికి రావాలి. దొరకలేదని ఊహించి పోసేది కాదిది.

ఇంటికొచ్చి నా గరాజులో అల్మారా తెరిచాను. ఎనిమిది వేలు, ఎనిమిది డబ్బాలు, వరసగా.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

కొరత వచ్చినప్పుడు సరుకు ఏదో ఒక పద్ధతిలో పంచబడాలి. డబ్బు ఎక్కువున్నవాడికి దక్కడం ఒక పద్ధతి. పొద్దున్నే లేచి నిలబడ్డవాడికి దక్కడం ఒక పద్ధతి. తలకింత అని చీటీ రాయడం ఒక పద్ధతి. ప్రతిదానికీ లోపాలున్నాయి, కానీ అందరికీ తెలిసిన లోపాలు. మనం స్క్రిప్టు రాసినప్పుడు నాలుగో పద్ధతి పెడుతున్నాం: కోడు వచ్చినవాడికి దక్కడం. అది బయటికి క్యూ లాగే కనపడుతుంది. "ముందొచ్చినవారికి ముందు" అని బోర్డు కూడా ఉంటుంది. కానీ ముందు రావడమనేది ఇక మనుషుల పని కాదు. పెద్దాయన పదకొండు శనివారాలు నిలబడ్డది అప్పటికే మాలాంటివాళ్ళు ఖాళీ చేసేసిన వరసలో.

ఇది మనకి కొత్తా? తత్కాల్ టికెట్లకి ఏజెంట్లు సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారని తిట్టుకున్నది మనమే. సంక్రాంతికి రేపల్లె బండికి టికెట్ దొరక్క బస్సులో నిలబడి వెళ్ళిన రోజులు నాకున్నాయి. వీసా స్లాట్ల కోసం పేజీ రిఫ్రెష్ చేసీ చేసీ వేళ్ళు నొప్పెట్టిందీ మనకే. సరిగ్గా అదే 2021 మేలో, ఇండియాలో 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళకి టీకా మొదలైంది, కోవిన్‌లో స్లాటు తప్పనిసరి. హైదరాబాదు, బెంగుళూరుల్లో నా స్నేహితులు నా లాంటి స్క్రిప్టులే రాసుకున్నారు. సిటీలో స్లాట్లు లేకపోతే ఊళ్ళలో స్లాట్లు పట్టుకుని కార్లేసుకుని వెళ్ళి టీకా వేయించుకొచ్చారు. ఆ ఊరివాళ్ళు మాత్రం సెంటర్ బయట నిలబడి చూశారు. ఒక్కొక్కరినీ అడిగితే "నా ఇంట్లోవాళ్ళ కోసమేగా" అంటారు. నిజమే. నేను కూడా నా కోసమే రాశాను. తప్పు చేస్తున్నామన్న స్పృహ రాకపోవడానికి కారణం, మన స్క్రిప్టు ఎవర్ని తోసిందో మనకి కనపడకపోవడం. క్యూలో ముసలాయన్ని భుజంతో తోస్తే పక్కనవాడు చొక్కా పట్టుకుంటాడు. రిక్వెస్టు పంపిస్తే 200 ఓకే అని వస్తుంది, అంతే.

"నువ్వు రాయకపోతే ఇంకోడు రాస్తాడు కదా" అంటారని తెలుసు. రాస్తాడు. నేను మానేసినంత మాత్రాన అమెరికాలో ప్రైమర్ల కరువు తీరదు. ఫ్యాక్టరీలు తక్కువ, గిరాకీ ఎక్కువ, అది నిజమైన కరువే. కానీ ఏడాదికి పన్నెండొందలు కాల్చేవాడు ఎనిమిది వేలు దాచడానికి ఏ ఫ్యాక్టరీనీ తప్పుపట్టలేం. ఆ 6,800 మాత్రం నేను చేసిన కరువు. స్టాకు కోసం గంటకి 180 సార్లు తలుపు తట్టే యంత్రం ఉన్నప్పుడు మనిషి 'నాకెంత కావాలి' అని అడుక్కోడు, 'ఎంత దొరుకుతుంది' అని అడుగుతాడు. నాకు జరిగింది అదే.

మర్నాడు ఆయనకి మూడు వేల రైఫిలు ప్రైమర్లు నేను కొన్న ధరకే ఇచ్చాను. రేంజిలో తెలిసిన ఇంకో ఇద్దరికి వెయ్యేసి. ఆయన ఎక్కడివని అడిగితే స్క్రిప్టు సంగతి చెప్పాను. కోప్పడతాడనుకున్నా. "అయితే శనివారాలు నేను నీతో పోటీ పడుతున్నానన్నమాట" అని నవ్వి ఊరుకున్నాడు. కోప్పడ్డా బావుండేది.

ఇక మన కుర్రాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. నేను ప్రైమర్లు పంచుతున్నానని తెలిసి ఆఫీసులో హెచ్-1బి మీదున్న తమ్ముడొకడు, "అన్నా, నాకూ ఒక వెయ్యి ఇవ్వవా, నేనూ మొదలుపెడతా" అన్నాడు. ఇవ్వనన్నాను. పిసినారితనం కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు, అంటే మన హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వాళ్ళంతా, మామూలుగా తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. మినహాయింపులు కొన్నే. అందులో మనకి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. అది లేకుండా ఇంట్లో పెట్టుకుంటే నేరం, వీసా సంగతి సరేసరి. తెలిసి ఇచ్చినవాడిదీ నేరమే.

ఇందులో చాలామందికి తెలియని మెలికలు మూడు. ఒకటి, ఆ చట్టంలో 'తూటా' అంటే పూర్తి తూటా మాత్రమే కాదు. ఖాళీ కేసు, ప్రైమరు, గుండు, మందు, ఏది విడిగా ఉన్నా తూటా కిందే లెక్క. రెండు, టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు పొలంలో యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడడానికి రాష్ట్రం హంటింగ్ లైసెన్సు అడగదు. "లైసెన్సు అక్కర్లేదంట" అని మనవాళ్ళు ధీమాగా వెళ్తారు. రాష్ట్రానికి అక్కర్లేదు, కానీ వీసా మీదున్నవాడికి ఫెడరల్ మినహాయింపు కావాలంటే అదే లైసెన్సు జేబులో ఉండాలి. మూడు, టెక్సాస్ ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. నేను లాయర్ని కాను, మీ పరిస్థితి లాయర్ని అడగండి. కానీ 'రేంజికి పోదాం రా' అని స్నేహితుడు పిలిచినప్పుడు ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

నాలుగోది నా సొంత అనుభవం. 2022 డిసెంబర్లో ఊరెళ్ళాను. రెండో రోజు పొద్దున అమ్మ నా బ్యాగు దులుపుతూ, "ఇదేందిరా, పెన్ను మూతా?" అంది. చేతిలో ఇత్తడి కేసు, కాల్చిందే, ఖాళీదే. రేంజికి తీసుకెళ్ళే బ్యాగునే ఊరికి సర్దుకొచ్చాను, బుద్ధిలేక. రెండు దేశాల ఎయిర్‌పోర్టులు దాటి అడవులదీవిలో మా ఇంటి అరుగు మీదకొచ్చింది. అది ఖాళీ కేసు కాకుండా నిండు తూటా అయ్యుంటే, స్కానర్లో పడుంటే? ఇండియాలో ఆయుధాల చట్టం కింద కేసు. బ్యాగులో మర్చిపోయిన ఒక్క తూటాతో ఎయిర్‌పోర్టులో దొరికి, 'తెలిసి దగ్గర పెట్టుకోలేదు' అని హైకోర్టులో కొట్టేయించుకోవడానికి తిరిగినవాళ్ళు ఉన్నారు. నా సెలవు మూడు వారాలు. కాబట్టి రేంజి బ్యాగు వేరు, ప్రయాణం బ్యాగు వేరు. పెదనాన్న మాత్రం ఆ కేసు చూసి ముచ్చటపడి, "దీన్ని మళ్ళీ నింపొచ్చా? మీదే హాయిరా" అన్నాడు.

ఇప్పుడు ప్రైమర్లు దొరుకుతున్నాయి. పాత ధరకి కాదు, కానీ దొరుకుతున్నాయి. స్క్రిప్టు తీసేశాను. నా నియమం ఇప్పుడు ఒకటే: రెండేళ్ళలో కాల్చేదానికి మించి ఇంట్లో ఉంచను. అగ్నిమాపక నియమాలు ఇంట్లో పది వేల ప్రైమర్ల దాకా ఒప్పుకుంటాయి. కానీ నియమం ఒప్పుకున్నంతా నింపడం అవసరం కాదు కదా.

2025 ఖరీఫ్‌లో యూరియా కరువొచ్చినప్పుడు తెలంగాణ ఊళ్ళలో రైతులు సొసైటీల ముందు చెప్పులు వరసగా పెట్టి, నీడన కూర్చున్న బొమ్మలు టీవీలో చూసే ఉంటారు. మా ఆఫీసులో ఒకతను ఆ బొమ్మ చూపించి "ఎంత వెనకబడ్డామో" అన్నాడు. నాకలా అనిపించలేదు. ఆ పరిస్థితి రావడం సిగ్గుచేటే, రైతుని అలా నిలబెట్టకూడదు. కానీ ఆ చెప్పుల్ని చూడండి. అవి కూడా స్క్రిప్టే. మనిషి లేకపోయినా మనిషి తరఫున నిలబడతాయి. తేడా ఏంటంటే, ఒక మనిషికి ఒక జత. ఎవరి చెప్పులో అందరికీ తెలుసు. ఎవడైనా పది జతలు పెడితే ఊరంతా అడుగుతుంది.

నా అరవై లైన్లలో ఆ అడిగేవాళ్ళు లేరు. అదొక్కటే బగ్గు. మీరు రాసిన వాటిలో ఉన్నారేమో ఓసారి చూసుకోండి.